చీటీలో రాయని జబ్బు పేరు

జర్మనీలో ఉద్యోగికి ఒంట్లో బాగుండకపోతే డాక్టరు ఒక చీటీ రాసి ఇస్తాడు. చాలా ఏళ్లపాటు అది పసుపు రంగు కాగితం. జనం నోట దాని పేరు కూడా ‘పసుపు చీటీ’యే. ఆ చీటీకి మూడు ప్రతులు ఉండేవి. ఒకటి ఆరోగ్య బీమా సంస్థకు, ఒకటి యజమానికి, ఒకటి రోగికి. బీమా సంస్థకు వెళ్లే ప్రతిలో జబ్బును సూచించే సంకేతం ఉండేది. యజమానికి వెళ్లే ప్రతిలో ఆ గడే ఉండేది కాదు. ఫలానా ఉద్యోగి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు పనికి రాలేడు అన్నంతవరకే యజమానికి తెలిసేది.

అయినా ఒక సంగతి బయటపడేది. చీటీ మీద డాక్టరు ముద్ర ఉండేది కనుక అది ఎముకల డాక్టరుదో, మానసిక వైద్యుడిదో యజమాని చదువుకోగలిగేవాడు. 2023 జనవరి 1 నుంచి యజమానికి ఇచ్చే కాగితం పోయింది. డాక్టరు కంప్యూటరు నుంచి చీటీ బీమా సంస్థకు చేరుతుంది. యజమాని అక్కడినుంచి తేదీలు మాత్రం తెప్పించుకుంటాడు. డాక్టరు పేరు కూడా అతనికి అందదు. కాగితం కంప్యూటరులోకి మారినప్పుడు మామూలుగా ఎక్కువ సమాచారం బయటికి పొక్కుతుంది. ఇక్కడ తక్కువ పొక్కింది. అది యాదృచ్ఛికం కాదు. అలా ఉండాలని ఎవరో కూర్చుని ఆలోచించి చేసిన ఏర్పాటు.

తెలుగునాట సెలవు చీటీ సంప్రదాయం దీనికి పూర్తిగా భిన్నం. ‘జ్వరము వచ్చినందున’ అన్న మాటతో బడిలో మొదలయ్యే ఆ రాత, ఉద్యోగంలో చేరాక డాక్టరు సర్టిఫికెట్టుగా మారుతుంది. అందులో జబ్బు పేరు రాయడానికి ఒక గీత వేసి ఉంటుంది. ఆ గీత నింపని సర్టిఫికెట్టు చెల్లుతుందని ఎవరూ అనుకోరు. ఆఫీసులో గుమాస్తా చదువుతాడు, పై అధికారి చదువుతాడు, మధ్యాహ్నానికి అందరికీ తెలుస్తుంది. పరామర్శలూ వస్తాయి, గుసగుసలూ వస్తాయి.

జర్మనీకి చదువుకోసమో ఉద్యోగం కోసమో వెళ్లిన తెలుగువారికి అక్కడి గోప్యత పట్టింపు మొదట్లో చాదస్తంగా కనిపిస్తుంది. ఎక్కడికి వెళ్లినా సంతకం పెట్టవలసిన సమ్మతి పత్రాలు, డాక్టరుగారి క్లినిక్కులో నేటికీ మూలుగుతున్న ఫ్యాక్సు యంత్రం, దుకాణంలో కార్డు వద్దని నోట్లు లెక్కపెట్టే ముసలివారు. ‘తప్పు చేయనివాడికి దాచుకునేది ఏముంటుంది?’ అన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. జర్మనీ చరిత్ర ఈ ప్రశ్నకు ఒక జవాబు ఇస్తుంది. ఆ జవాబు దాచుకోవడం గురించి కాదు. ఒక పని కోసం చెప్పిన మాట, చెప్పినవాడికి తెలియకుండా వేరే పనికి వాడుకోవడం గురించి.

డాక్టర్లు నింపిన ఫారాలు

1933 జులై 14న హిట్లర్ ప్రభుత్వం వంశపారంపర్య వ్యాధుల నివారణ పేరుతో ఒక చట్టం చేసింది. అది 1934 జనవరి 1న అమల్లోకి వచ్చింది. మూర్ఛ, స్కిజోఫ్రీనియా, పుట్టు గుడ్డితనం, పుట్టు చెవుడు, తీవ్రమైన తాగుడు వంటివి ఆ చట్టం జాబితాలో ఉన్నాయి. అటువంటి రోగుల పేర్లు అధికారులకు తెలియజేయడం డాక్టర్ల విధి అయింది. అంతవరకు నయం చేస్తాడన్న నమ్మకంతో రోగి చెప్పుకున్న మాట, ఆ రోజు నుంచి అతని మీద సాక్ష్యంగా మారింది. ఆ చట్టం కింద సుమారు 4 లక్షల మందికి బలవంతంగా సంతానం కలగకుండా ఆపరేషన్లు చేశారని చరిత్రకారుల అంచనా.

1939 శరత్కాలంలో బెర్లిన్ నుంచి మానసిక చికిత్సాలయాలకు ఇంకో రకం ఫారాలు వచ్చాయి. రోగి పేరు, జబ్బు, ఎన్నేళ్లుగా ఆసుపత్రిలో ఉన్నాడు, చూడటానికి ఎవరైనా వస్తారా, ఏ పని చేయగలడు అన్నవి అందులోని ప్రశ్నలు. చూడబోతే ఏ ఆసుపత్రిలోనైనా ఉండే మామూలు ప్రశ్నలే. ఎందుకు అడుగుతున్నారో ఫారంలో లేదు. రోగులను యుద్ధకాలపు పనులకు తరలిస్తారేమోనని కొందరు డాక్టర్లు అనుకున్నారు. బాగా పనిచేసే రోగులను తమ దగ్గరే ఉంచుకోవాలని, వాళ్లు ఏ పనికీ పనికిరారని రాశారు. ఆ రాత వాళ్ల ప్రాణం తీసింది. ఫారాల నకళ్లు ముగ్గురు నిపుణుల దగ్గరికి వెళ్లేవి. రోగి ముఖం చూడకుండానే వాళ్లు గుర్తు పెట్టేవారు: ఎర్ర పెన్సిలుతో కూడిక గుర్తు పెడితే చావు, నీలి పెన్సిలుతో తీసివేత గుర్తు పెడితే బతుకు. బెర్లిన్‌లో టియర్‌గార్టెన్ వీధి 4వ నంబరు ఇంటినుంచి నడిచిన ఈ పథకానికి ఆ చిరునామా మీదుగానే ‘టీ4’ అన్న పేరు వచ్చింది. 1941 ఆగస్టు నాటికి ఆరు కేంద్రాలలో 70 వేల మందికి పైగా రోగులను విషవాయువుతో చంపారు. ఆ ఆరింటిలో ఒకటి హెస్సే ప్రాంతంలోని హడమార్.

అదే 1939లో మే 17న జరిగిన జనగణనలో ఒక అదనపు కార్డు చేర్చారు. తాతలు, నాయనమ్మ అమ్మమ్మలు జాతిరీత్యా యూదులా అన్నది అందులోని ప్రశ్న. 1933లోనూ 1939లోనూ ఐబీఎం సంస్థకు జర్మనీలో ఉన్న అనుబంధ సంస్థ డెహోమాగ్ పంచ్ కార్డు యంత్రాలు జనాభా లెక్కలకు వాడారు. అట్టముక్కకు పడిన చిల్లులో మనిషి వయసు, వృత్తి, మతం ఇమిడేవి. యంత్రం గంటకు వేల కార్డులను వేరుచేయగలిగేది. పేర్ల జాబితాలు చేతిరాతతో ఉన్నంతకాలం ఎవరినైనా వెతకడం శ్రమ. ఆ శ్రమే ఒక రకమైన రక్షణ. యంత్రం ఆ రక్షణను తీసేసింది.

యుద్ధం ముగిశాక తూర్పు జర్మనీలో మరో అధ్యాయం మొదలైంది. 1950లో ఏర్పడిన రాజ్య భద్రతా శాఖ, జనం వాడుకలో ‘ష్టాజీ’, 1989 నాటికి సుమారు 91 వేల మంది ఉద్యోగులతోనూ, దాదాపు 1,89,000 మంది రహస్య సమాచారదారులతోనూ నడిచేది. ఇరుగుపొరుగువారు, సహోద్యోగులు, కొన్ని ఇళ్లలో భార్యాభర్తలు సైతం ఒకరి మీద ఒకరు నివేదికలు రాశారు. డాక్టర్లలోనూ సమాచారదారులు ఉన్నారు. రోగి చెప్పిన మాట పరీక్ష గది దాటి దస్త్రంలోకి చేరింది. 1990 జనవరి 15న జనం బెర్లిన్‌లోని ఆ శాఖ కార్యాలయంలోకి దూసుకుపోయారు. 1992 జనవరి నుంచి ఎవరి దస్త్రం వారు చదువుకునే వీలు కలిగింది. మిగిలిన కాగితాలను వరసగా పేరిస్తే 111 కిలోమీటర్లు.

ఒక దేశంలో అరవై ఏళ్ల లోపల రెండు భిన్నమైన ప్రభుత్వాలు మనుషుల మీద కాగితాలు పోగుచేసి, ఆ కాగితాలతోనే వాళ్లను బాధించాయి. ఆ దేశపు ముసలివారు ఫారం చూడగానే ‘ఇది ఎందుకు?’ అని అడిగితే అది చాదస్తం కాదు.

లెక్కకు రామన్న ఏడాది

ప్రపంచంలో మొట్టమొదటి సమాచార రక్షణ చట్టం 1970లో హెస్సే రాష్ట్ర శాసనసభ చేసింది. దానికి తక్షణ కారణం గతం కాదు, భవిష్యత్తు. రాష్ట్ర పాలనను పెద్ద కంప్యూటర్లకు అనుసంధానించే పని అప్పుడే మొదలవుతోంది. పౌరుల వివరాలన్నీ ఒకచోట చేరితే ఎవరికి ఎంత అధికారం వస్తుందన్న ప్రశ్న కంప్యూటర్లతో పాటే పుట్టింది. 1977లో దేశమంతటికీ వర్తించే చట్టం వచ్చింది.

అసలు మలుపు 1983లో వచ్చింది. ఆ ఏడాది ఏప్రిల్ 27న పశ్చిమ జర్మనీలో జనగణన జరగాలి. అడిగే ప్రశ్నలు పెద్దగా అభ్యంతరకరమైనవి కావు: ఎవరెవరు ఉంటున్నారు, ఏం పని చేస్తున్నారు, పనికి ఎలా వెళ్తున్నారు, ఇంట్లో ఎన్ని గదులు. కానీ చట్టంలో ఒక నిబంధన ఉంది. జనగణనలో చెప్పిన వివరాలతో స్థానిక కార్యాలయాలు తమ నివాస రిజిస్టర్లను సరిచూసుకుని దిద్దుకోవచ్చునని దాని సారాంశం. అంటే గణాంకాల కోసం అడిగిన జవాబు, ఆ మనిషి పేరుతోనే మరో ఆఫీసు చేతికి పోతుంది. ఆర్వెల్ నవలకు పేరైన 1984 వచ్చే ఏడాదే. వీధుల్లో నిరసనలు లేచాయి. హాంబుర్గ్‌కు చెందిన ఇద్దరు మహిళా న్యాయవాదులు, గిజెలా విల్డ్, మాయా ష్టాడ్లర్-ఆయిలర్, కార్ల్స్‌రూ నగరంలోని రాజ్యాంగ న్యాయస్థానం తలుపు తట్టారు. ఇంకా ఎన్నో ఫిర్యాదులు చేరాయి. ఏప్రిల్ 13న, లెక్కింపుకు రెండు వారాల ముందు, న్యాయస్థానం జనగణనను ఆపింది. డిసెంబరు 15న తీర్పు చెప్పింది.

ఆ తీర్పు జనగణనను తప్పుబట్టలేదు. ప్రభుత్వానికి లెక్కలు కావాలని ఒప్పుకుంది. రిజిస్టర్లతో సరిచూడడాన్ని మాత్రం కొట్టివేసింది. ఆ క్రమంలో రాజ్యాంగంలో ఎక్కడా అక్షరాలా లేని ఒక హక్కును, మనిషి గౌరవం, వ్యక్తిత్వ వికాసం అన్న రెండు అధికరణాల నుంచి తీసి చూపింది. దాన్ని తెలుగులో ‘సమాచార స్వయంనిర్ణయ హక్కు’ అనవచ్చు. తన గురించిన సంగతి ఎవరికి, ఎంతవరకు, ఎందుకు తెలియాలో నిర్ణయించుకునే అధికారం ప్రాథమికంగా ఆ మనిషిదే అని దాని అర్థం.

తీర్పులోని రెండు ఆలోచనలు నేటికీ ముఖ్యం. మొదటిది: కంప్యూటరు యుగంలో పనికిరాని సమాచారం అంటూ ఏదీ లేదు. ఒక మనిషి పుట్టిన ఊరు చెబితే ఏం కాదు. వయసు చెబితే ఏం కాదు. వృత్తి చెబితే ఏం కాదు. మూడూ కలిపితే చిన్న పట్నంలో అతనొక్కడే తేలతాడు. ఫార్మసీలో కొన్న మందు, ఎక్కిన బస్సు, వెళ్లిన గుడి తోడైతే అతని జీవితమే తెలుస్తుంది. వాస్తవం ఎంత చిన్నదన్నది కాదు, అది దేనితో కలుస్తుందన్నది ప్రశ్న. రెండవది: తన మీద ఎవరు ఏం రాసుకుంటున్నారో తెలియని మనిషి తనంతట తానే ముడుచుకుపోతాడు. సభకు వెళ్లడు, సంతకం పెట్టడు, మాట్లాడడు. నష్టం అతనికే కాదు, ప్రజాస్వామ్యానికి కూడా. ఈ రెండో మాటను వైద్యంలోకి మార్చి చదివితే మరింత స్పష్టంగా ఉంటుంది: తన మాట ఎక్కడికి పోతుందో తెలియని రోగి డాక్టరుకు నిజం చెప్పడు. నిజం చెప్పని రోగికి సరైన వైద్యం జరగదు.

ఆగిన జనగణన, మార్చిన చట్టంతో 1987 మేలో జరిగింది.

లెక్కలోకి రావాలని బస్సెక్కినవారు

ఈ కథను తెలుగునాట జరిగిన ఒక రోజు పక్కన పెట్టి చూడాలి. 2014 ఆగస్టు 19న, కొత్తగా ఏర్పడిన తెలంగాణ రాష్ట్రం ఒక్కరోజులో సమగ్ర కుటుంబ సర్వే జరిపింది. ఆ రోజు సెలవు ప్రకటించారు. దుకాణాలు మూతపడ్డాయి. ముంబై, సూరత్ వంటి చోట్లకు వలస వెళ్లినవారు రైళ్లూ బస్సులూ పట్టుకుని సొంత ఊళ్లకు చేరారు. పశ్చిమ జర్మనీలో మమ్మల్ని లెక్కపెట్టవద్దని వీధికెక్కితే, తెలంగాణలో మా పేరు లెక్కలో లేకపోతే ఎలాగని ఇంటికి పరిగెత్తారు.

ఇందులో ఒకరు తెలివైనవారు, ఒకరు అమాయకులు అనుకోవడం పొరపాటు. రేషన్ కార్డు, పింఛను, ఆరోగ్యశ్రీ, ఇంటిస్థలం అన్నీ పేరు రాయించుకోవడంతోనే ముడిపడిన చోట, కాగితంలో కనబడకపోవడమే పెద్ద ప్రమాదం. జర్మన్ పౌరుడి జ్ఞాపకంలో జాబితా అంటే తలుపు తట్టే పోలీసు. తెలుగు పల్లెలో జాబితా అంటే అందని బియ్యం. ఇద్దరి భయమూ అనుభవంలోంచి వచ్చినదే. అయితే ఒక ప్రశ్న ఇద్దరికీ సమానం: బియ్యం కోసం చెప్పిన వివరం బియ్యానికే ఆగుతుందా?

భారతదేశంలోనూ ఆ ప్రశ్న న్యాయస్థానానికి చేరింది. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామి ఆధార్‌ను సవాలు చేస్తూ 2012లో వేసిన పిటిషను ఫలితంగా, 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా చెప్పారు. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టాన్ని పార్లమెంటు ఆమోదించింది. హక్కు ఉంది, చట్టం ఉంది. అలవాటు ఇంకా రావాలి.

చెప్పడానికి అభ్యంతరం లేదు, ఎందుకో చెప్పాలి

జర్మన్లు ఏమీ చెప్పుకోరని అనుకుంటే అదీ తప్పే. ఆ దేశంలో ఇల్లు మారితే రెండు వారాల్లోగా నగర కార్యాలయంలో నమోదు చేసుకోవాలి. ఆ ఫారంలో మతం గడి చూసి తెలుగు విద్యార్థి ఉలిక్కిపడతాడు. చర్చికి చెందినవారి జీతంలోంచి చర్చి పన్ను తీసుకోవాలి కనుక ఆ ప్రశ్న. అపార్ట్‌మెంటు గుమ్మం దగ్గర కాలింగ్ బెల్లుల వరసలో ఫ్లాటు నంబర్లు ఉండవు, ఇంటిపేర్లు ఉంటాయి. దారిన పోయేవాడు ఎవరైనా చదువుకోవచ్చు. తపాలా అందాలి, అతిథి రావాలి; అందుకు పేరు కావాలి.

అదే జర్మనీలో 2010లో గూగుల్ సంస్థ 20 నగరాల వీధుల ఫొటోలు ఇంటర్నెట్టులో పెట్టబోతే, సుమారు 2,44,000 ఇళ్లవారు తమ ఇల్లు కనబడకుండా మసక చేయమని అడిగారు. బెల్లు మీద పేరు పెట్టుకున్నవారే ఇంటి బొమ్మ వద్దన్నారు. పైకి పరస్పర విరుద్ధంగా కనిపించే ఈ రెండు పనులకూ సూత్రం ఒక్కటే. బెల్లు మీద పేరు ఎందుకో తెలుసు, తీసేయాలంటే చేతిలో పని. ఫొటో ఎందుకో, ఎవరి కోసమో, రేపు దేనితో కలుస్తుందో తెలియదు.

ఈ సూత్రం సాఫ్ట్‌వేరులోకి వస్తే ఎలా ఉంటుందో కరోనా కాలంలో కనిపించింది. 2020 ఏప్రిల్ 2న భారతదేశంలో ఆరోగ్య సేతు యాప్ వచ్చింది. అది బ్లూటూత్‌తో పాటు మనిషి ఉన్న చోటును కూడా నమోదు చేసేది. జర్మనీలో కూడా మొదట వివరాలు ఒకే కేంద్ర కంప్యూటరుకు చేరే పద్ధతినే అనుకున్నారు. నిపుణుల విమర్శ తర్వాత ఏప్రిల్ చివర ప్రభుత్వం మనసు మార్చుకుంది. జూన్ 16న విడుదలైన కరోనా హెచ్చరిక యాప్ వేరే దారి పట్టింది. ప్రతి ఫోనూ కొన్ని నిమిషాలకొకసారి మారిపోయే అర్థంలేని అంకెలను బ్లూటూత్ ద్వారా పంపేది. దగ్గరలో ఉన్న ఫోన్లు వాటిని తమలోనే దాచుకునేవి. ఎవరికైనా జబ్బు తేలి, వారు ఒప్పుకుంటే, వారి ఫోను తాళంచెవులు మాత్రం సర్వరుకు వెళ్లేవి. మిగతా ఫోన్లు వాటిని దించుకుని, తాము దాచుకున్న అంకెలతో పోల్చి చూసుకునేవి. ఎవరు ఎవరిని కలిశారో ప్రభుత్వానికి తెలిసేది కాదు, తయారు చేసిన సంస్థలకూ తెలిసేది కాదు. ప్రోగ్రామును ఎవరైనా చదివి చూసుకునేలా బహిరంగపరిచారు.

ఇక్కడ గోప్యత కాపాడినది వాగ్దానం కాదు, నిర్మాణం. ‘మేము చూడము’ అనడానికీ, చూడటానికి ఏమీ లేకుండా కట్టడానికీ చాలా తేడా ఉంది.

ఏడు కోట్ల దస్త్రాలు

అంత జాగ్రత్త గల దేశం ఇప్పుడు తన అతిపెద్ద పరీక్ష రాస్తోంది. ఎలక్ట్రానిక్ ఆరోగ్య కార్డును 2006 నుంచి అమలు చేయాలని చట్టం చేసినా ఏళ్ల తరబడి ఆలస్యమైంది. 2021 జనవరి నుంచి కోరుకున్న రోగికి ఎలక్ట్రానిక్ ఆరోగ్య దస్త్రం తెరిచే వీలు కల్పించారు. కోరుకున్నవారు చాలా కొద్దిమంది. దానితో 2024లో చట్టం మార్చారు: ఇకమీదట అందరికీ దస్త్రం తెరుస్తారు, వద్దనుకున్నవారు వద్దని చెప్పాలి. 2025 జనవరి 15న హాంబుర్గ్, ఫ్రాంకోనియా, నార్త్ రైన్ వెస్ట్‌ఫాలియాలోని కొన్ని ప్రాంతాల్లో ప్రయోగాత్మకంగా మొదలై, ఏప్రిల్ 29న దేశమంతటా వచ్చింది. దాదాపు 7 కోట్ల మందికి దస్త్రాలు తెరిచారు. డాక్టర్లు దాన్ని వాడటం అక్టోబరు 1 నుంచి తప్పనిసరి అయింది.

అడిగితే ఇవ్వడం, వద్దంటే ఆపడం అన్నవి ఒకే నాణేనికి రెండు వైపులుగా కనిపిస్తాయి. కానీ మనిషి స్వభావం ఉన్నచోటే ఉండిపోవడం. మొదటి పద్ధతిలో కొద్దిమందే చేరారు, రెండో పద్ధతిలో కొద్దిమందే తప్పుకున్నారు. రెండుచోట్లా అత్యధికులు చేసినది ఏమీ చేయకపోవడమే. కనుక ఏమీ చేయనివాడికి ఏం జరగాలన్నదే అసలు నిర్ణయం. దాన్ని రోగి కాకుండా చట్టం తీసుకుంది.

చట్టం అలా ఎందుకు చేసిందో అత్యవసర విభాగంలో ఒక రాత్రి గడిపినవారికి తెలుస్తుంది. ఎనభై ఏళ్ల మనిషి స్పృహ లేకుండా వస్తాడు. జర్మనీలో చాలామంది వృద్ధులు రక్తం గడ్డకట్టకుండా మార్కుమార్ అనే మందు వేసుకుంటారు. ఆ సంగతి తెలియకుండా ఆపరేషన్ మొదలుపెడితే రక్తం ఆగదు. మూత్రనాళంలో ఇన్ఫెక్షనుకు మామూలుగా ఇచ్చే కొన్ని యాంటీబయాటిక్కులు ఆ మందు ప్రభావాన్ని ప్రమాదకరంగా పెంచుతాయి. మూడు లేదా అంతకంటే ఎక్కువ మందులు వాడేవారికి కాగితం మీద మందుల పట్టిక ఇచ్చే పద్ధతి 2016 నుంచి ఉంది. కానీ ఆ కాగితం ఇంట్లో బీరువాలో ఉంటుంది, మనిషి అంబులెన్సులో ఉంటాడు. సమాచారం పక్క ఊరి ఫ్యాక్సు యంత్రంలో చిక్కుకుపోయినందువల్ల జరిగే హాని కూడా హానే. గోప్యత పేరు చెప్పి దాన్ని కప్పిపుచ్చలేము.

రెండోవైపు చూడాలి. చట్టం రోగికి కొన్ని రక్షణలు ఇచ్చింది. బీమా సంస్థ దస్త్రం తెరుస్తుంది కానీ అందులోని కాగితాలు చదవలేదు. కార్డు చూపిన క్లినిక్కుకు 90 రోజులు, మందుల దుకాణానికి 3 రోజులు మాత్రం తలుపు తెరిచి ఉంటుంది. హెచ్ఐవీ, మానసిక వ్యాధి, గర్భస్రావం వంటి సంగతులు చేర్చేముందు, వద్దనే హక్కు ఉందని డాక్టరు ప్రత్యేకంగా చెప్పాలి. జన్యు పరీక్షల ఫలితాలకు రోగి స్పష్టమైన సమ్మతి కావాలి. ఇవి చిన్న విషయాలు కావు.

అయినా చిక్కులు మిగిలాయి. 2024 డిసెంబరు 27న హాంబుర్గ్‌లో కేయాస్ కంప్యూటర్ క్లబ్ వార్షిక సమావేశంలో బియాంకా కాస్ట్ల్, మార్టిన్ చిర్సిష్ అనే ఇద్దరు భద్రతా పరిశోధకులు, కార్డులు జారీచేసే పద్ధతిలోని లోపాలను వాడుకుని పరాయి వ్యక్తుల దస్త్రాలు తెరవవచ్చునని చూపించారు. రోగి కార్డు చేతిలో లేకుండానే తెరిచే దారి కూడా ఉందని చూపారు. ప్రారంభానికి ముందు అదనపు జాగ్రత్తలు చేర్చారు. దొంగలకంటే ముందు ఇటువంటివారు కనిపెట్టడం అదృష్టం. ఫిన్లాండులో ఆ అదృష్టం లేకపోయింది. అక్కడి వస్తామో మానసిక చికిత్సా సంస్థ దస్త్రాలు దొంగిలించిన వ్యక్తి 2020 అక్టోబరులో రోగులకే నేరుగా బెదిరింపు లేఖలు పంపాడు. బాధితులు వేలల్లో ఉన్నారు. డాక్టరు గదిలో ఏడుస్తూ చెప్పుకున్న మాటలకు వెల కట్టాడు. తాళం మార్చుకుంటే సరిపోయే దొంగతనం కాదది. బయటికి పోయిన మాటను వెనక్కి తెచ్చే తాళం లేదు.

మరో చిక్కు దొంగలతో సంబంధం లేనిది. 2024 నుంచి తప్పనిసరి అయిన ఎలక్ట్రానిక్ మందుల చీటీల వివరాలు దానంతట అవే దస్త్రంలోని మందుల పట్టికకు చేరతాయి. పన్ను పీకించుకోవడానికి వెళ్లినవాడు కార్డు పెట్టగానే అతను మానసిక వైద్యుడి సలహాతో వేసుకునే మందు దంతవైద్యుడికి కనిపిస్తుంది. ఒక కాగితాన్ని ఈ డాక్టరుకు చూపి ఆ డాక్టరుకు దాచే ఏర్పాటు పాత దస్త్రంలో ఉండేది. అందరికీ తెరిచిన కొత్త దస్త్రం మొదలైనప్పుడు అది లేదు. కాగితాన్ని అందరికీ దాచాలి, లేదా ఒక డాక్టరుకు మొత్తం దస్త్రం మూసేయాలి. జర్మనీలో డిప్రెషన్ చరిత్ర ఉన్నవారికి పనిచేయలేని స్థితికి వర్తించే బీమా దొరకడం కష్టం. ప్రభుత్వ ఉపాధ్యాయ ఉద్యోగానికి వైద్య పరీక్షలో ఇబ్బంది వస్తుందని భయపడి, బీమా ఉన్నా సొంత డబ్బుతో చికిత్స చేయించుకునేవారు ఉన్నారు. అసలు చికిత్సకే వెళ్లనివారు ఏ లెక్కలోనూ కనిపించరు. పసుపు చీటీలో జబ్బు పేరు రాయకుండా జాగ్రత్తపడ్డ దేశానికి ఇది చిన్న వెనకడుగు కాదు.

తలుపు తెరిచిన పరీక్ష గది

తెలుగునాట పరీక్ష గది తలుపు చాలాచోట్ల తెరిచే ఉంటుంది. ఒక రోగి చెబుతుండగా తర్వాతి రోగి పక్కనే నిలబడి ఉంటాడు. రోగితో పాటు కొడుకు, కోడలు, మేనమామ వస్తారు. జబ్బు సంగతి ముందు వాళ్లకు, తర్వాత రోగికి తెలుస్తుంది. ఈ పద్ధతినంతా అనాగరికమని తోసిపుచ్చడం తేలిక, న్యాయం కాదు. మందులకు డబ్బు కట్టేది, రాత్రి పక్కన కూర్చునేది ఆ మేనమామే. కుటుంబం మోస్తున్న చోట కుటుంబానికి తెలియాలి.

కానీ ఆ పాత ఏర్పాటుకు ఒక గోడ ఉండేది: మాట ఊరి పొలిమేర దాటేది కాదు. ఇప్పుడు గుంటూరులో తల్లి రక్తపరీక్ష కాగితం ఫొటో తీసి కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెడతారు. మ్యూనిక్‌లో ఉన్న కొడుకు దాన్ని తెలిసిన డాక్టరుకు పంపుతాడు. ఆయన మరో స్నేహితుడికి పంపుతాడు. అందరిదీ మంచి ఉద్దేశమే. ఆ ఫొటో మీద పేరు, వయసు, ఆసుపత్రి నంబరు ఉంటాయి. ఎన్ని ఫోన్లలో మిగిలిందో తల్లికి తెలియదు, ఆమెను ఎవరూ అడగలేదు. ఫోను చేతులు మారినా, గ్రూపులో కొత్త అల్లుడు చేరినా, ఆ కాగితం అక్కడే ఉంటుంది.

దీనికి మందు ఫోను పారేయడం కాదు. వారానికొక రోజు ఇంటర్నెట్టు కట్టేసుకోవడం మనసుకు మంచిదే కావచ్చు. బీమా కంప్యూటరులో ఉన్న దస్త్రం ఆ రోజు నిద్రపోదు. మొత్తంగా తప్పుకోవడం ఆరోగ్యవంతుడికి, ఉన్నవాడికి కుదురుతుంది. రోజూ ఆరు మందులు వేసుకునే మనిషికి కుదరదు. వద్దనడానికి ఖరీదు చెల్లించనక్కరలేనప్పుడే వద్దనే హక్కుకు అర్థం.

చేయదగినవి చిన్న పనులు. పరీక్ష కాగితం పంపేముందు పేరున్న భాగం మీద వేలు పెట్టి ఫొటో తీయవచ్చు. గ్రూపులో కాకుండా అవసరమైన ఒక్కరికే పంపి, పని అయ్యాక తీసేయమని చెప్పవచ్చు. అన్నిటికంటే ముందు కాగితం ఎవరిదో వారిని అడగవచ్చు. ఆసుపత్రి కౌంటరులో ఆరోగ్య ఖాతా నంబరు తెరుస్తామంటే, ఏ పనికి, ఎవరు చూస్తారు, వద్దంటే వైద్యం ఆగుతుందా అన్న మూడు ప్రశ్నలు వేయవచ్చు. డాక్టర్ల వంతు కూడా ఉంది. 2017 నాటి హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం రోగి సమ్మతి లేకుండా అతని స్థితిని వెల్లడించడం చట్టవిరుద్ధం. అయినా మంచానికి వేలాడే కేస్‌షీటు మీద ఆ అక్షరాలు ఎర్ర సిరాతో రాసే అలవాటు ఉన్నచోట చట్టం పుస్తకానికే పరిమితం.

సెలవు చీటీలో జబ్బు పేరు కోసం గీసిన ఆ గీతను తీసేయడానికి కంప్యూటరు అక్కరలేదు, పెద్ద బడ్జెట్టు అక్కరలేదు. ‘ఈ వ్యక్తి వారం రోజులు పనికి రాలేడు’ అన్న వాక్యం చాలని డాక్టరు రాసి, చాలని అధికారి ఒప్పుకుంటే సరిపోతుంది.